రిపేరుకు లొంగే వస్తువులు

పాత వాల్వు రేడియో వెనక అట్ట విప్పితే చాలా సెట్లలో లోపలివైపు సర్క్యూట్ డయాగ్రం అంటించి ఉండేది. ఏ వాల్వు ఎక్కడ, ఏ కండెన్సర్ విలువ ఎంత, అంతా ఆ కాగితం మీదే. కొన్నవాడికి అది అర్థం కాకపోయినా బజార్లో రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్న మనిషికి అర్థమయ్యేది. ఇవాళ మన ఇళ్లలోకి వచ్చే ఫ్యానుకూ, బల్బుకూ, టీవీకీ, నీళ్ల ఫిల్టరుకూ అలాంటి కాగితం లేదు. వస్తువులు అప్పటికంటే చౌకయ్యాయి, కరెంటు తక్కువ తింటున్నాయి, పనితనమూ పెరిగింది. పాడైతే మాత్రం ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియదు. ఇంటి పరికరాల గురించి మన దగ్గర వచ్చే రాతలు ఎక్కువగా కొనేరోజు దగ్గరే ఆగిపోతాయి: ఎన్ని స్టార్లు, ఎంత మెమరీ, ఎంత డిస్కౌంటు. స్క్రూడ్రైవరూ మల్టీమీటరూ పట్టుకుని వీటిని విప్పి చూడటం నాకు ఏళ్ల తరబడి ఉన్న సరదా. అటువైపు నుంచి చూస్తే అసలు ప్రశ్న వేరుగా కనిపిస్తుంది. ఈ వస్తువు ఐదో ఏట ఆగిపోతే మన ఊళ్లో దీన్ని ఎవరైనా బాగు చేయగలరా?

ఫ్యానుతో మొదలుపెట్టడం మంచిది, మారినదంతా అందులో కనిపిస్తుంది కాబట్టి. మామూలు సీలింగ్ ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. అందులో తరచుగా పోయేవి రెండే: 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్, బేరింగులు. ఫ్యాను ఏడాదికేడాది నెమ్మదిస్తోందంటే చాలావరకు కండెన్సరే కారణం. దాని లోపల ప్లాస్టిక్ పొర మీద పలుచని లోహపు పూత ఉంటుంది. హై వోల్టేజి తగిలినప్పుడల్లా ఆ పూతలో చిన్న చిన్న చుక్కలు కాలిపోతూ కెపాసిటీ తరుగుతూ వస్తుంది. మీటరు పెట్టి చూస్తే 2.5 చూపించాల్సినది 1.6 దగ్గర ఆగుతుంది. కొత్తది వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులో వంద రూపాయల లోపే దొరుకుతుంది, రెండు వైర్లు కలిపితే ఫ్యాను మళ్లీ పాత వేగం అందుకుంటుంది. వైండింగ్ కాలినా చుట్టి ఇచ్చేవాళ్లు మండల కేంద్రాల్లో ఇంకా ఉన్నారు. ముప్పై ఏళ్ల నాటి ఫ్యాన్లు మన ఇళ్లలో ఇప్పటికీ తిరుగుతున్నాయంటే కారణం అదే.

దాని స్థానంలోకి బీఎల్‌డీసీ ఫ్యాను వచ్చింది, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారును ఎలక్ట్రానిక్ బోర్డు నడిపించే ఫ్యాను. 30 వాట్లకు అటూ ఇటూ సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే, పాత ఫ్యానుతో పోలిస్తే 160 యూనిట్ల దాకా మిగులు. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏడాదికి వెయ్యి రూపాయలకు కొంచెం తక్కువ. ధరలో తేడా రెండేళ్లలో వచ్చేస్తుంది. మన పల్లెలకు ఇంకో లాభం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. వేసవి సాయంత్రం లో వోల్టేజిలో పాత ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతుంటే బీఎల్‌డీసీ అదే వేగంతో తిరుగుతుంది, లోపలి బోర్డు వచ్చిన వోల్టేజిని తనకు కావలసినట్టు మార్చుకుంటుంది కాబట్టి. ఇన్వర్టర్ మీదా అంతే, పాత ఫ్యానుకు రెండు గంటలు వచ్చే బ్యాటరీ దీనికి నాలుగు గంటల పైన వస్తుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశాక మార్కెట్టు ఇటు మొగ్గింది. అది మంచి మార్పు. నేను అడిగినవాళ్లందరికీ బీఎల్‌డీసీయే కొనమంటాను.

కానీ ఆ మేలంతా వచ్చేది ఒక బోర్డు వల్ల. ఆ బోర్డే పోతే ఫ్యాను మొత్తం ఆగిపోతుంది. ఒక కంపెనీ బోర్డు ఇంకో కంపెనీ మోటారుకు పనిచేయకపోవచ్చు. ఒకే కంపెనీలోనే పోయినేడాది మోడలుకీ ఈ ఏడాది మోడలుకీ కలవకపోవచ్చు. ఈ ఫ్యాను కొనేటప్పుడు రంగు, రిమోట్ చూసే ముందు దీని బోర్డు విడిగా దొరుకుతుందా, ఎంతవుతుంది అని షాపులో అడగాలి. జవాబు చెప్పగలిగిన షాపు దొరికితే అక్కడే కొనండి, వందో రెండొందలో ఎక్కువైనా సరే.

బల్బు కథ ఇంకా విచిత్రం. ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బులు పంచే పథకం మొదలైన రోజుల్లో, 2014లో, ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కొన్నప్పుడు బల్బు 310 రూపాయలు పడింది. 2016కల్లా అది 38 రూపాయలకు దిగింది. 2015 జనవరిలో దేశమంతా విస్తరించి, తర్వాత ఉజాలా పేరు తెచ్చుకున్న ఈ పథకం దాదాపు 37 కోట్ల బల్బులు పంచింది. ముందుగా అమలైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంత తక్కువ కాలంలో ఇంత ధర తగ్గిన ఇంటి వస్తువు నాకు ఇంకోటి గుర్తు రావడం లేదు.

అయితే డబ్బా మీద 25,000 గంటలని రాసి ఉన్న బల్బు రెండేళ్లకే ఎందుకు ఆరిపోతుంది? ఆ గంటల లెక్క ఎల్‌ఈడీ చిప్పుకు సంబంధించినది. బల్బు పోయేది సాధారణంగా కరెంటును దానికి తగినట్టు మార్చే డ్రైవర్ దగ్గర, అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ (అదీ ఒక రకం కండెన్సరే) దగ్గర. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ పని చేసేవాళ్లందరికీ తెలిసిన లెక్క. మూత బిగించిన గాజు గ్లోబులో, ఫాల్స్ సీలింగ్ లోపల, రెంటచింతల ఎండల్లో ఆ కెపాసిటర్ ఎండిపోవడంలో ఆశ్చర్యం లేదు. చౌక బల్బుల్లో చిప్పులన్నీ వరసగా ఒకే దారిలో ఉంటాయి. ఒకటి కాలితే అన్నీ ఆరిపోతాయి. పైనున్న తెల్లటి ప్లాస్టిక్ టోపీ తీసి చూస్తే కాలిన చిప్పు మీద ఆవగింజంత నల్లచుక్క కనిపిస్తుంది. ఆ చిప్పును షార్ట్ చేసి బల్బు వెలిగించే కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. నేర్చుకోవడానికి మంచి పని. అలా వెలిగిన బల్బు ఎక్కువ కాలం ఉండదు, మిగతా చిప్పుల మీద భారం పెరుగుతుంది. పైగా చాలా బల్బుల్లో లోపలి బోర్డుకు మెయిన్ కరెంటుతో నేరుగా సంబంధం ఉంటుంది, వెలుగుతుండగా ముట్టుకోకూడదు. బల్బు వరకు నా సలహా చిన్నది. గాలి తగిలే హోల్డరులో పెట్టండి, కొన్న బిల్లు డబ్బాతో సహా దాచండి. చాలా కంపెనీలు ఏడాదో రెండేళ్లో వారంటీ ఇస్తున్నాయి, మనమే అడగడం లేదు.

టీవీ దగ్గరికి వస్తే తెలుగునేలకు ఒక చరిత్ర ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో, సుమారు 2,400 గ్రామాల్లో జరిగింది. అందులో మన రాష్ట్రం ఉంది, తెలుగు కార్యక్రమాలు ఉన్నాయి. ఊళ్లలో పెట్టిన సెట్లు తయారైనది హైదరాబాదులోని ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్‌లో. దుమ్ములో, వేడిలో, నిలకడ లేని కరెంటులో పనిచేయాలని ముందే అనుకుని చేసిన సెట్లవి, చెడితే బాగుచేసే ఏర్పాటు ప్రయోగంలో భాగంగానే ఉంది. ఇప్పటి టీవీల్లో నాకు లోటుగా కనిపించేది ఆ ముందుచూపే.

ఎల్‌ఈడీ టీవీల్లో తరచుగా వినే ఫిర్యాదు: సౌండ్ వస్తోంది, బొమ్మ రావడం లేదు. గదిలో లైట్లు ఆర్పేసి, టీవీ ఆన్ చేసి, సెల్‌ఫోన్ టార్చి తెర మీద ఏటవాలుగా వేసి దగ్గరికెళ్లి చూడండి. మనుషులు కదులుతున్నట్టు మసకగా ఆనితే పానెల్ బాగానే ఉందన్నమాట. పోయింది దాని వెనక వెలుగునిచ్చే ఎల్‌ఈడీ పట్టీ. అక్కడా బల్బులో సంగతే, వరసలో ఒకటి కాలితే చాలా సెట్లలో వెనక వెలుగు మొత్తం పోతుంది. మా బంధువుల ఇంట్లో ఒక టీవీకి ఇలాగే అయితే కంపెనీ సర్వీసు మనిషి వచ్చి పానెల్ మార్చాలన్నాడు, చెప్పిన ఖర్చు కొత్త టీవీకి దగ్గరగా ఉంది. టార్చి వేసి చూస్తే బొమ్మ ఆనింది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో తెచ్చిన పట్టీలు వేసి, ఎరిగిన మెకానిక్ ఒక మధ్యాహ్నంలో పని ముగించాడు. ఆ పనిలో కష్టమల్లా అద్దాన్ని పగలకుండా పైకి లేపడం. ఇద్దరు మనుషులు, మెత్తటి దుప్పటి పరిచిన మంచం కావాలి. ఈ తంటా రాకుండా ఉండాలంటే కొన్న రోజే సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాక్‌లైట్ తగ్గించండి. షోరూం వెలుగులో మెరవాలని చాలా టీవీలు దాన్ని బాగా పెంచి పంపిస్తారు, మన హాల్లో అంత అవసరం లేదు.

ఏ వస్తువు కొన్నా మన ఇళ్లలో దాని ఆయుష్షును ముందు తేల్చేది కరెంటే. స్తంభం మీది మూడు ఫేజుల్లో ఒక్కోదానికీ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటాయి. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. గాలివానకు న్యూట్రల్ తీగ తెగితే వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. ఎవరింట్లో వాడకం తక్కువగా ఉందో వాళ్లకు వోల్టేజి ఎక్కువగా వస్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక ఒక్క చార్జరు, ఒక్క రౌటరు ఉన్న ఇంటికి 300 దాటి వస్తుంది. న్యూట్రల్ పోయిందనే మాట వినగానే వీధి మొత్తం మీద టీవీలు, సెట్‌టాప్ బాక్సులు పోవడం గుర్తొచ్చేది అందుకే. ఫ్యాను ఉన్నట్టుండి వేగం అందుకుని లైట్లు తెల్లగా మండిపోతున్నాయంటే ఆలోచించకుండా మెయిన్ దించేయాలి. మనుషులు ఇంట్లో లేని సమయానికి హై, లో వోల్టేజి వచ్చినప్పుడు తానే కట్ చేసే ప్రొటెక్టర్ ఒకటి మీటరు తర్వాత పెట్టించుకుంటే మంచిది. టీవీ ఒక్కదానికే స్టెబిలైజర్ కొనడం కంటే నేను దీన్నే ముందు చెప్తాను. దానితోపాటే, కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. ఇది వస్తువును కాపాడేది కాదు, గీజర్ కింద స్నానం చేస్తున్న మనిషిని కాపాడేది. ఎర్త్‌నూ పట్టించుకోవాలి. ఎర్త్ గుంతలో వేసవిలో నీళ్లు పోయడం మా నాన్నల తరం మరిచిపోలేదు, అపార్టుమెంట్లలో ఆ గుంత ఎక్కడుందో కూడా చాలామందికి తెలియదు.

ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లకు కరెంటు పోయినప్పుడే ఒక ఆశాభంగం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల దాకా 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది, ఇంటికి ఇది నిజంగా లాభసాటి. కానీ బ్యాటరీ లేని ఈ ఏర్పాటు కరెంటు పోయినప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కు కింద నుంచి షాక్ కొట్టకూడదని పెట్టిన నియమం అది. దాన్ని తప్పుపట్టలేం, కానీ అమ్మేవాళ్లు ముందే చెప్పాలి.

నీళ్ల ఫిల్టరు విషయంలో మోసం నేరుగా ఇంటి గుమ్మంలోకి వస్తుంది. అమ్మకానికి వచ్చిన మనిషి రెండు గ్లాసుల్లో నీళ్లు పోయిస్తాడు, ఒకదానిలో మీ కుళాయి నీళ్లు, ఇంకోదానిలో ఫిల్టరు నీళ్లు. రెండింట్లోనూ కడ్డీలున్న చిన్న పరికరం ముంచి స్విచ్చి వేస్తాడు. కాసేపట్లో కుళాయి నీళ్లు తుప్పు రంగులోకి తిరిగి పైన మడ్డి తేలుతుంది. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ఆ మడ్డి నీళ్లలోది కాదు, కరెంటుకు కరిగిన ఇనప కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, లవణాలు తీసేసిన నీళ్లలో పారదు కాబట్టి కరగదు. ఫిల్టరు నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమనండి, అవీ అదే రంగుకు వస్తాయి.

నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. దాన్ని కొలిచే మీటరూ నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి ఒక అంకె చెప్తుంది, అంతే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మేలు, వేరే నీళ్లు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. నదుల నుంచి వచ్చే మున్సిపల్ నీళ్లు సాధారణంగా 500 కంటే బాగా తక్కువే చూపిస్తాయి, వాటికి లవణాలు తీసేసే ఆర్‌వో ఫిల్టరు అక్కర్లేదు. 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 500 లోపున్నచోట ఆర్‌వో వాడకుండా చూడాలని చెప్పింది, లీటరు మంచినీటికి మూడు లీటర్ల దాకా పారబోసే యంత్రం కాబట్టి. అయితే ఆ అంకె తక్కువగా ఉంటే నీళ్లు మంచివని అనుకోవడమూ ప్రమాదమే. పోలియోనో కలరానో తెచ్చే సూక్ష్మజీవి ఆ మీటరుకు కనిపించదు. ఫ్లోరైడూ కనిపించదు. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు చేటు, ఆ ఒకటిన్నర మిల్లీగ్రాముల తేడా వందల అంకెలో ఎక్కడ తెలుస్తుంది? ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట 1937లో రాతలోకి ఎక్కించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ పెట్టిన పేరు నల్గొండ టెక్నిక్. ఇంత చరిత్ర ఉన్న నేల మీద బోరునీళ్లు తాగే ఇల్లు మీటరు కొనే డబ్బుతో ఒక్కసారి ల్యాబులో పరీక్ష చేయించుకోవాలి. ఫ్లోరైడు ఉందని తేలితే అక్కడ ఆర్‌వో నిజంగా అవసరం.

మిక్సీ గురించి ఒక్క మాట. రుబ్బుతుండగా ఆగిపోతే కింద ఎర్ర బటన్ ఉంటుంది, కాసేపు చల్లారనిచ్చి నొక్కాలి. జార్ కింద అరిగే కప్లర్ మెత్తగా ఉండేది మోటారును కాపాడటానికే. ఇంటి యంత్రాల్లో ఇంత తేలిగ్గా రిపేరుకు లొంగేవి తక్కువే, దాన్ని పారేయకండి.

ఇక స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, తాళాలు. వీటిలో వస్తువు ఇంట్లో ఉంటుంది, దాన్ని నడిపించే కంప్యూటరు ఎక్కడో కంపెనీ దగ్గర ఉంటుంది. అమెరికాలో ఇంటి స్మార్ట్ పరికరాలను కలిపి నడిపించే రివాల్వ్ అనే హబ్‌ను దాని యజమాని నెస్ట్ 2016 మేలో ఆపేసినప్పుడు డబ్బిచ్చి కొన్న యంత్రం పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ పరికరాల కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. మన దగ్గర తెలియని పేర్లతో చౌకగా దొరికే ప్లగ్గుల్లో ఎన్నింటి సర్వర్లు ఐదేళ్ల తర్వాత ఉంటాయి? అందుకే నేను లోపల ఈఎస్‌పీ8266 లాంటి వైఫై చిప్పున్న ప్లగ్గులు వెతికి, కంపెనీ సర్వర్ అక్కర్లేని టాస్మోటా సాఫ్ట్‌వేరు ఎక్కించి, వాటిని ఇంట్లోంచే నడిపించే హోమ్ అసిస్టెంట్ అనే ప్రోగ్రాంను పాత కంప్యూటరులో పెట్టి వాడతాను. ఇంటర్నెట్ పోయినా ఇంట్లో లైటు వెలుగుతుంది. అందరికీ అంత ఓపిక ఉండనక్కర్లేదు. 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణం గుర్తు డబ్బా మీద ఉంటే కంపెనీ సర్వర్ లేకుండానే ఇంటి నెట్‌వర్కులో పనిచేసే అవకాశం ఎక్కువ, అది చూసి కొంటే చాలు. మనకు ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు పోయి వస్తే పూర్తి వెలుగుతో తామే వెలుగుతాయి. రాత్రి రెండింటికి కరెంటు వచ్చి పడగ్గది పట్టపగలైపోతే పసిపిల్లలున్న ఇంట్లో సంగతి చెప్పనక్కర్లేదు. కరెంటు వచ్చాక బల్బు ఆరే ఉండాలనే సెట్టింగు చాలా యాప్‌లలో ఉంటుంది, మొదటిరోజే మార్చుకోండి.

ఇదంతా మెకానిక్ నేర్పుకూ మన ఓపికకూ వదిలేసే విషయమా, చట్టం పట్టించుకోవాలా? ఫ్రాన్సు 2021 జనవరి నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్లకు పదికి ఎన్ని మార్కులో డబ్బా పక్కనే చూపించమంది: విప్పడం ఎంత తేలిక, విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధర ఎంత, రిపేరు వివరాలు ఇస్తారా అన్నవాటికి మార్కులు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ నుంచి అమ్మే స్మార్ట్‌ఫోన్లకు, ఆ మోడలు అమ్మకం ఆగాక కూడా ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలి. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, తర్వాత పోర్టల్ తెరిచింది. మార్కుల పద్ధతి కోసం 2024లో వేసిన ఇంకో కమిటీ 2025 మేలో నివేదిక ఇస్తూ ముందు స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లతో మొదలుపెట్టమంది.

ఫోన్లతో మొదలుపెట్టడాన్ని నేను కాదనను. కానీ ఫోను చెడితే పట్నంలో వీధికొక కొట్టుంది, హైదరాబాదు జగదీశ్ మార్కెట్ లాంటి చోట తెరలు, బ్యాటరీలు కుప్పలుగా దొరుకుతాయి. ఆ కుర్రాళ్లు కంపెనీ సాయం లేకుండానే దారి వెతుక్కున్నారు. దారి లేనిది ఫ్యాను బోర్డుకు, ఇన్వర్టర్ ఏసీ బోర్డుకు, వాషింగ్ మెషీన్ బోర్డుకు. అవుట్‌డోర్ యూనిట్‌లోకి బల్లి దూరి షార్టయిన ఒక్క బోర్డు వల్ల ఏసీ మొత్తాన్ని పాతసామానుకు వేసేసిన ఇళ్లు నాకు తెలుసు. అన్ని ఇళ్లలోనూ ఉన్నది ఫ్యాను, కోట్ల కొద్దీ మారుతున్నదీ అదే. స్టార్ లేబుల్ తప్పనిసరి చేయగలిగిన ప్రభుత్వం దాని పక్కనే ఇంకో రెండు వరసలు రాయించగలదు: ఈ మోడలు బోర్డు ఎన్నేళ్లు దొరుకుతుంది, ఇవాళ దాని ధర ఎంత. ఆ రెండు వరసలు ఉంటే ఏ ఫ్యాను కొనాలో షాపులోనే తేలిపోతుంది, బోర్డు ఇవ్వని కంపెనీ తన లెక్క తాను మార్చుకుంటుంది.